యౌవనస్థులతో శిష్యత్వం గురించి చదవడానికి ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

ప్రశ్న: యౌవనస్థుల కూడిక, తిరుపతి

పెద్దలకు, సహోదర సహోదరీలకు ప్రభువు నామమున వందనములు.

తిరుపతి కొర్లగుంటలో ఒక చిన్న సంఘంలో యౌవనస్థుల కూడిక బాధ్యతను మూడేళ్లుగా నేను చూస్తున్నాను. ఆదివారం సాయంత్రం క్రమం తప్పకుండా వచ్చేవారు 9 మంది. వారిలో ఇద్దరు బస్టాండు దగ్గరి హోటళ్ల వంటగదుల్లో పనిచేస్తారు, ఒకరు లాడ్జిలో రాత్రి డ్యూటీ చేస్తారు, ముగ్గురు రేణిగుంట వైపు ఫ్యాక్టరీలకు షిఫ్టుల్లో వెళ్తారు, మిగిలిన ముగ్గురు చదువుకుంటున్నారు. ఇంగ్లీషు పుస్తకం చదివి అర్థం చేసుకోగలిగినవారు ఇద్దరే.

నిరుడు మేము శిష్యత్వ పాఠాల పుస్తకం ఒకటి పూర్తి చేశాం. అందులో 12 పాఠాలు ఉన్నాయి. ప్రతి పాఠం చివర ఇచ్చిన వాక్యభాగాలు బైబిల్లో తీసి చూసి ఖాళీలు నింపాలి. అందరూ శ్రద్ధగానే నింపారు, చివరి ఆదివారం సంఘం ముందు అందరికీ ధ్రువపత్రాలు కూడా ఇచ్చాం. ఆ తర్వాత నెల తిరగకముందే నాకు ఒక సంగతి తెలిసింది. క్షమాపణ గురించిన పాఠంలో ఒక్క ఖాళీ కూడా తప్పు పోకుండా నింపిన తమ్ముడు, ఇంటి స్థలం పంపకం దగ్గర వచ్చిన గొడవ వల్ల సొంత అన్నతో రెండేళ్లుగా మాట్లాడడం లేదు. ఆ పాఠం చెప్పింది నేనే. అతని పుస్తకం తీసుకుని మళ్లీ తిరగేసి చూశాను. "డెబ్బది ఏళ్ల మారులు" అని నీలం సిరాతో, గీత మీద అక్షరాలు పేర్చినట్టు చక్కగా రాసి ఉంది. దాని పక్కన నేను పెట్టిన టిక్కు కూడా ఉంది.

ఆ రోజు నుండి నాకు మనసు నిలకడగా లేదు. అతన్ని తప్పుపట్టాలని కాదు, అతనికి నేను నేర్పింది ఏమిటన్నదే నా బాధ. ఈసారి పాఠాల పుస్తకం కాకుండా, నిజంగా ప్రభువును వెంబడించడం నేర్పే గ్రంథం ఏదైనా ఒకటి తీసుకుని, ఎంత కాలం పట్టినా సరే, అందరం కలిసి చదవాలని అనుకుంటున్నాను. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి? తెలుగులోకి వచ్చిన పాత అనువాదాల భాష పిల్లలకు కొరుకుడు పడడం లేదు, దానికి ఏం చేయాలి? అన్నిటికంటే ముఖ్యంగా, చదివినది ఖాళీలు నింపడంతో ఆగిపోకుండా ఉండాలంటే ఎలా చదవాలి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

బాబూ, వందనములు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ టిక్కు సంగతి రాసినందుకు మిమ్మల్ని అభినందిస్తున్నాను. ఎందుకంటే నలభై ఏళ్లు బడిలో, దాదాపు అంతే కాలం ఆదివారపు బడిలో పాఠాలు చెప్పిన నేను అలాంటి టిక్కులు లెక్కలేనన్ని పెట్టాను.

పుస్తకం పేరు చెప్పే ముందు ఒక మాట. మత్తయి సువార్త చివర ప్రభువు శిష్యులకు ఇచ్చిన ఆజ్ఞను మనం కంఠతా చెబుతాం గాని, అందులోని ఒక క్రియాపదాన్ని దాటేస్తాం. తాను ఆజ్ఞాపించిన సంగతులన్నీ బోధించమని ఆయన అనలేదు, వాటిని "గైకొనవలెనని", అంటే ఆచరణలో పెట్టాలని, బోధించమన్నాడు. సంగతులు బోధించడం ఒక గంటలో అయిపోతుంది, గైకొనడం నేర్పాలంటే పక్కన ఉండాలి. మార్కు సువార్త 3వ అధ్యాయంలో పన్నెండు మందిని నియమించినప్పుడు కూడా మొదటి ఉద్దేశం వారు తనతో కూడ ఉండడమే, ప్రకటించడానికి పంపడం ఆ తర్వాతే. గ్రీకు మూలంలో శిష్యుడు అనే మాట సువార్తల్లోనూ అపొస్తలుల కార్యాల్లోనూ తప్ప పత్రికల్లో, అంటే కొత్త నిబంధనలోని ఉత్తరాల్లో, ఎక్కడా కనబడదు. గురువు వెనుక కాళ్లతో నడవడం అనే చిత్రం ఆ మాటలో అంత గట్టిగా ఉంది కాబట్టే అలా జరిగిందేమో అని నాకు అనిపిస్తుంది. కనుక నడక గురించి చెప్పే పుస్తకంతోనే మొదలుపెట్టమని నా సలహా. అది జాన్ బన్యన్ రాసిన యాత్రికుని ప్రయాణము.

బన్యన్ పెద్ద చదువులు చదివినవాడు కాదు. ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్ దగ్గర గిన్నెలకు మాట్లు వేసి బతికినవాడు. అనుమతి లేకుండా వాక్యం ప్రకటించాడని 1660లో పట్టుకుని దాదాపు 12 ఏళ్లు చెరసాలలో ఉంచారు. ఈ గ్రంథం మొదటి భాగం 1678లో అచ్చయింది. ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చిన పిల్లవాడికి వేదాంత పాఠం ఎక్కకపోవచ్చు గాని, వీపు మీద మూటతో ఊరు విడిచి పరుగెత్తే మనిషి కథ ఎక్కుతుంది.

అందులో వ్యాఖ్యానకర్త ఇంటి ఘట్టం ఒకటి ఉంది. మా వాళ్లతో చదివినప్పుడు దాని మీదే రెండు ఆదివారాలు గడిచాయి. ఎన్నడూ ఊడ్వని గదిలో ఒకడు చీపురు పట్టి ఊడుస్తాడు. దుమ్ము లేచి యాత్రికునికి ఊపిరి ఆడదు. అప్పుడు ఒక అమ్మాయి వచ్చి నీళ్లు చల్లుతుంది, ఆ తర్వాత ఊడిస్తే గది శుభ్రమవుతుంది. ఆ గది మనిషి హృదయం, దుమ్ము జన్మతో వచ్చిన పాపం, చీపురు పట్టినవాడు ధర్మశాస్త్రం, నీళ్లు చల్లినది సువార్త. ధర్మశాస్త్రం పాపాన్ని పైకి లేపుతుంది గాని పోగొట్టలేదని ఆయన అలా చూపిస్తాడు. రోమా పత్రిక 7వ అధ్యాయం నేను ఎన్నిసార్లు వివరించినా తల ఊపి ఊరుకున్న ఒక పెద్దామె ఈ ఘట్టం వినగానే, "వాకిలి చిమ్మే ముందు కళ్లాపి చల్లమని మా అత్త చెప్పింది ఇందుకేనయ్యా" అన్నారు. ఆమె సంతకం కూడా పెట్టలేరు.

మీ ప్రశ్నకు నేరుగా పనికివచ్చే సంగతి ఇంకొకటి ఉంది. యాత్రికుని వీపు మీది మూట సిలువ దగ్గర జారిపోతుంది. అది పుస్తకం చివర జరిగేది కాదు, మొదటి భాగంలో సగం కూడా కాకముందే జరుగుతుంది. కష్టమనే కొండ, మాయా సంత, సందేహపు కోట, చివరి నది, ఇవన్నీ ఆ తర్వాతే. మన సంఘాల్లో చాలామంది బాప్తిస్మం తీసుకున్న రోజుతో ప్రయాణం ముగిసినట్టు కూర్చుంటారు. మూట పోయింది కదా, ఇంకా దారి ఎందుకు ఇంత ఉంది అని మీ పిల్లల్లో ఎవరైనా అడిగితే, ఆ రోజు పేజీ తిప్పకండి, ఆ ప్రశ్న మీదే కూర్చోండి.

భాష సంగతి. పాత తెలుగు అనువాదాల్లో వాక్యాలు గ్రాంథికంగా, పొడవుగా ఉంటాయి, నిజమే. నేను చేసింది ఏమిటంటే, ఆ వారం భాగాన్ని ముందే నాలుగైదుసార్లు చదువుకుని, కూడికలో ఒక పేజీ పైకి చదివి, మిగతాది మన చిత్తూరు మాటల్లో చెప్పడం. మా దగ్గర ఇంట్లో తమిళం మాట్లాడే కుటుంబాలు కూడా ఉన్నాయి, వారికి ఎవరో ఒకరు పక్కనే తమిళంలో అందించేవారు. ఆ తర్వాత ఒకరిని లేపి, "నువ్వు విన్నది చెప్పు" అనేవాణ్ణి. తన మాటల్లో చెప్పగలిగినది మనిషికి దక్కుతుంది. 1684లో వచ్చిన రెండో భాగం దొరికితే దాన్ని కూడా వదలవద్దు. అందులో యాత్రికుని భార్య, పిల్లలు, ఊతకర్రల మీద నడిచేవాడు, మనోబలం లేనివాడు అందరూ ఒక గుంపుగా వెళ్తారు. త్వరగా నడవలేనివారి కోసం దారి చూపేవాడు ఆగుతాడు. కూడిక నడిపేవారికి ఆ భాగం చాలా నేర్పుతుంది.

జవాబు: ఒక నర్సు, తిరుపతి

అన్నగారికి, అయ్యగారికి వందనాలు.

అయ్యగారు చెప్పిన గ్రంథాన్ని నేను కాదనడం లేదు. కానీ హోటల్ వంటగదిలో పనిచేసే ఆ ఇద్దరు తమ్ముళ్లను తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చిన పుస్తకం వేరు. బ్రదర్ లారెన్స్ అనే ఆయన పదిహేడవ శతాబ్దంలో పారిస్‌లో కార్మెలైట్ అనే కతోలిక సన్యాసుల మఠం ఒకదానిలో వంట చేసేవాడు. అంతకుముందు సైనికుడు, యుద్ధంలో గాయపడి కుంటివాడయ్యాడు. 1691లో ఆయన చనిపోయాక, ఆయనతో జరిగిన సంభాషణలనూ ఆయన రాసిన ఉత్తరాలనూ కలిపి చిన్న పుస్తకంగా వేశారు. దేవుని సన్నిధిలో ఉండడాన్ని అలవాటు చేసుకోవడం గురించిన పుస్తకం అది. ఒక పూట కూర్చుంటే చదివేయవచ్చు, అలవాటు చేసుకోవడానికి మాత్రం జీవితం పడుతుంది.

ఆయనకు వంటపని స్వభావరీత్యా ఇష్టం లేదు. ఆ మాట దాచుకోకుండా చెప్పాడు. అయినా పదిహేనేళ్లు ఆ గదిలోనే, ఆ పొగలోనే, ప్రార్థనకు కేటాయించిన సమయంలో ఉన్నంత నెమ్మదిగా దేవునితో ఉండగలిగానని చెప్పాడు. నేను ఒక పెద్ద ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తాను. తెల్లవారుజామున నాలుగు గంటలకు సెలైన్ బాటిళ్లు మార్చేటప్పుడు, ఒకరి తర్వాత ఒకరు పిలుస్తుంటే, వాక్యధ్యానానికి సమయం లేదని ఏళ్ల తరబడి నన్ను నేను నిందించుకున్నాను. ఈ పుస్తకం చదివాక, నరం దొరకని చేతిని పట్టుకుని వెతుకుతున్న ఆ రెండు నిమిషాలను కూడా ప్రభువుకు అప్పగించడం నేర్చుకుంటున్నాను. కొన్ని రాత్రులు మరిచిపోతాను. మరిచిపోయినప్పుడు ఎక్కువ కుమిలిపోకుండా తిరిగి ఆయన వైపు మళ్లమని కూడా లారెన్స్ చెప్పాడు, అది నాకు ఎంతో ఆదరణ. లాడ్జిలో రాత్రి మెలకువగా కూర్చునే తమ్ముడికి కూడా ఇది చదివి వినిపించండి.

ఇక రెండో మాట, అన్నగారూ, ఇది కూడిక కోసం కాదు, మీ కోసం. జర్మనీ దేశపు సంఘ కాపరి (పాస్టర్) డీట్రిచ్ బోన్‌హోఫర్ 1937లో ప్రచురించిన గ్రంథాన్ని ఇంగ్లీషులో శిష్యత్వపు వెల అనే అర్థం వచ్చే పేరుతో చదువుతారు గాని, జర్మన్‌లో దాని పేరుకు వెంబడించుట అని మాత్రమే అర్థం. అందులో ఒక పెద్ద భాగం కొండమీది ప్రసంగానికి వివరణ. చవకబారు కృప అనే మాటతో ఆయన మొదలుపెడతాడు. పశ్చాత్తాపం లేని క్షమాపణను ప్రకటించడం, వెంబడించడం లేని కృపను పంచిపెట్టడం సంఘానికి ప్రాణాంతకమైన శత్రువు అంటాడు. నాజీలను ఎదిరించి, 1945 ఏప్రిల్ 9న, 39 ఏళ్ల వయసులో ఉరికంబం ఎక్కినవాడు ఈ మాట చెప్పాడు కాబట్టి దానికి బరువు ఉంది.

అయితే దయచేసి ఒక జాగ్రత్త తీసుకోండి. ఈ పుస్తకంలో మొదటి అధ్యాయం మాత్రమే చదివి, మరుసటి ఆదివారమే పిల్లలను గద్దించడం మొదలుపెట్టిన నాయకులను నేను చూశాను. విశ్వసించేవాడే విధేయుడవుతాడు, విధేయుడయ్యేవాడే విశ్వసిస్తాడు అని బోన్‌హోఫర్ రెండు వైపులూ కలిపి చెప్పాడు, ఒక వైపు తెంచితే అది భారమవుతుంది. అందుకని దానితోపాటు, 1939లో ఆయన వేసిన చిన్న పుస్తకం, విశ్వాసులు కలిసి జీవించడం గురించినది, చదవండి. ఫింకెన్‌వాల్డెలో కాపరులకు శిక్షణనిచ్చే ఆయన పాఠశాలను ప్రభుత్వం 1937లో మూసివేశాక, అక్కడి అనుభవంతో రాసినది అది. సహోదరునికి మనం చేయవలసిన మొదటి సేవ అతను చెప్పేది వినడమే అంటాడు అందులో. ఆ తమ్ముడు అన్నతో మాట్లాడడం లేదని మీకు నెల తర్వాత తెలిసిందన్నారు కదా. పన్నెండు పాఠాల్లోనూ అతను మాట్లాడే సందు ఎక్కడైనా ఉందా అన్నగారూ? నేను నొప్పించాలని అడగడం లేదు.

జవాబు: ఒక సహోదరి, పుత్తూరు

అందరికీ వందనాలు. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాను, మిషన్ కుట్టుకుంటూ బతుకుతున్నాను. ఒక్క సంగతి చెప్పాలనిపించింది.

చాలా ఇళ్లలో ఉన్నట్టే మా ఇంట్లో కూడా ఎడారిలో సెలయేర్లు అనే, రోజుకొక పేజీ చదివే పుస్తకం ఉంది. మా ఆయన డయాలసిస్ మీద ఉన్న రెండేళ్లూ ఆ పుస్తకమే నన్ను నిలబెట్టింది. లెట్టీ కౌమన్ అనే ఆమె, జబ్బుపడిన భర్తకు ఏళ్ల తరబడి సేవ చేస్తూ ఏరి పెట్టుకున్న మాటలతో 1925లో దాన్ని తెచ్చారని తర్వాత తెలిసింది. ఓస్వాల్డ్ ఛాంబర్స్ పేరుతో రోజుకొక పేజీగా చదివే పుస్తకం కూడా అంతే. ఆయన 1917లో ఈజిప్టులో చనిపోతే, ఆయన ప్రసంగాలను షార్ట్‌హ్యాండ్‌లో రాసి పెట్టుకున్న భార్య పదేళ్ల తర్వాత 1927లో అచ్చు వేయించారు. రెండూ భర్తను పోగొట్టుకున్న స్త్రీల చేతుల మీదుగా వచ్చినవే. అందుకే అవి దుఃఖంలో ఉన్నవారికి అంత దగ్గరగా మాట్లాడతాయేమో.

కానీ అలాంటి పుస్తకాన్ని మీ కూడికలో శిష్యత్వానికి తీసుకోవద్దని నా మనవి. మా ఆయన పోయాక కొన్నాళ్లకు నాకు తెలియకుండానే అది క్యాలెండర్‌లో తేదీ చించినట్టు అయింది. పేజీ చదివాను కాబట్టి ఆ రోజు వాక్యం అయిపోయింది అనుకునేదాన్ని. ఆ పేజీ పైన ఉన్న వచనం బైబిల్లో ఎక్కడ ఉందో, దాని ముందూ వెనకా ఏముందో తీసి చూడలేదు. ఇప్పుడు ముందు బైబిల్లో ఆ అధ్యాయం మొత్తం చదివి, ఆ తర్వాతే ఆ పేజీ తెరుస్తున్నాను. మీరు ఏ పుస్తకం తీసుకున్నా, పిల్లల ఒళ్లో బైబిలు కూడా తెరిచి ఉండేలా చూడండి.

ప్రశ్న వేసినవారు, మూడు వారాల తర్వాత

అయ్యగారికి, సహోదరీలిద్దరికీ నా హృదయపూర్వక వందనాలు. అక్కగారూ, మీరు అడిగిన ప్రశ్నకు జవాబు: లేదు. 12 పాఠాల్లో మాట్లాడింది నేనే.

యాత్రికుని ప్రయాణముతో మొదలుపెట్టాం. మొదటి రెండు ఆదివారాలు ఊబి దగ్గరే ఉండిపోయాం. నిరాశ అనే ఊబిలో పడినప్పుడు, కాలు మోపడానికి రాళ్లు వేసి ఉన్నా అవి యాత్రికునికి ఎందుకు కనబడలేదని ఒక చెల్లెలు అడిగింది. దానికి సమాధానంగా యెషయా గ్రంథంలో, కీర్తనల్లో వాగ్దానాలు వెతుకుతూ ఒక గంట గడిచింది. పుత్తూరు సహోదరి చెప్పినట్టు అందరి ఒళ్లోనూ బైబిళ్లు ఉన్నాయి. మొన్నటి ఆదివారం ఊడ్చే ఘట్టం చదివాను. హోటల్లో పనిచేసే తమ్ముడు నవ్వి, "అన్నా, పొద్దున ఐదింటికి హాలు ఊడ్చేది నేనే. నీళ్లు చల్లకుండా ఊడిస్తే ఇడ్లీల మీద పడుతుంది" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ అడగకుండానే, తనలో కోపం ఎలా లేస్తుందో, లేచిన కోపాన్ని తనే అణచుకోవాలని చూసి ఎలా ఓడిపోతున్నాడో చెప్పాడు. మూడేళ్లలో అతను అంతసేపు మాట్లాడడం అదే మొదటిసారి.

నా ఇబ్బంది ఒకటి మిగిలి ఉంది. చదివినదాన్ని ఆ వారంలో ఎవరెవరు గైకొన్నారో అడగాలనుకుంటున్నాను, కానీ అందరి ముందూ అడిగితే సిగ్గుపడతారు, లేదా మంచి మాటలు అల్లి చెబుతారు. అన్నతో మాట్లాడని తమ్ముడు ఈ మూడు వారాలూ వచ్చాడు గాని నోరు తెరవలేదు. ఎలా అడగాలి?

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయుడు, చిత్తూరు

బాబూ, గుంపులో అడగవద్దు. తమ్ముళ్లను తమ్ముళ్లతో, చెల్లెళ్లను చెల్లెళ్లతో ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, వారంలో ఒకసారి ఒకరినొకరు అడిగేలా చేయండి. పదిహేను నిమిషాలు చాలు. వారు చెప్పుకున్నది మీకు కూడా చెప్పనక్కరలేదని ముందే మాట ఇవ్వండి. సిలువ ఎత్తుకొనడం గురించి ప్రభువు చెప్పిన మాటకు లూకా ఒక్కడే "ప్రతిదినము" అని చేర్చాడు. కనుక పెద్ద పెద్ద తీర్మానాలు అడగకుండా, నిన్న ఏం జరిగింది, ఈరోజు ఏం చేశావు అని అడగడం నేర్పండి. ఆ తమ్ముడితో మాత్రం మీరే కూర్చోండి. స్థలం సంగతి, అన్న సంగతి ఎత్తవద్దు. ముందు మీరు మీ సంగతి చెప్పండి. నాకు రాసిన ఆ టిక్కు సంగతి అతనికి చెప్పారా?

ప్రశ్న వేసినవారు

నిన్న రాత్రి చెప్పాను అయ్యగారూ. చాలాసేపు ఏమీ అనలేదు. లేచి వెళ్లేటప్పుడు, వచ్చే ఆదివారం కూడిక అయ్యాక నా బండి మీద చంద్రగిరి దాకా వెళ్దామా అని అడిగాడు. వాళ్ల అన్న ఉండేది అక్కడే. మా ఇద్దరి కోసం ప్రార్థించండి.